నాన్న ఇల్లు రాసిస్తానంటున్నారు, మామగారు డబ్బిస్తానంటున్నారు

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి నాకు అర్థమైనంతవరకు ముందు చెబుతాను, తప్పుంటే దిద్దండి. పెరంబూరులో మీ నాన్నగారు 1994లో కొన్న ఇండిపెండెంట్ ఇల్లు ఉంది. పైన వాళ్లుంటున్నారు, కింద పోర్షన్ అద్దెకుంది. ఆయనకి 72, అమ్మగారికి 66. ఇల్లు మీ పేరు మీద రాసేస్తానని పట్టుబడుతున్నారు. చెల్లెలు పెళ్లయి న్యూజెర్సీలో ఉంది. మీరేమో అద్దెకిచ్చే ఉద్దేశంతో షోలింగనల్లూరులో 90 లక్షల ఫ్లాట్ చూసుకున్నారు. డౌన్ పేమెంట్‌కి మామగారు 25 లక్షలు ఇస్తానన్నారు. ఈ రెండు గిఫ్టులకీ పన్ను ఎంత, ఏది ఎవరి పేరు మీద పెడితే లాభం, ఫ్లాట్ అమ్మ పేరు మీద కొన్నా ఫర్వాలేదా అన్నవి మీ సందేహాలు.

నాది టీ నగర్. నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం, నాది మూడో తరం. బ్యాంకులో హోమ్ లోన్ ఫైళ్లు ఇరవై ఏళ్ల పైగా చూసి రిటైరయ్యాను. నాకు రెండు ఫ్లాట్లున్నాయి, ఒకటి అద్దెకిచ్చాను. ఇంకోటి మా అమ్మ రాసిచ్చింది. అంటే గిఫ్టు పుచ్చుకున్నవాడిగానూ, కౌంటర్ అవతల కూర్చుని "ఈ డబ్బెక్కడిది" అని అడిగినవాడిగానూ రాస్తున్నాను.

మీరు అడిగినవాటిలో పన్ను ప్రశ్నే తేలిక. మన దేశంలో గిఫ్ట్ ట్యాక్స్ 1998 అక్టోబరులోనే పోయింది. ఇప్పుడున్నది పుచ్చుకున్నవాళ్ల ఆదాయంలో కలిపి లెక్కేసే పద్ధతి. ఏడాదిలో 50 వేలు దాటి ఎవరైనా ఊరికే ఇస్తే అది మీ ఆదాయమే. ఇల్లో స్థలమో అయితే గైడ్‌లైన్ వాల్యూ, అంటే రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం కట్టిన విలువ, పట్టి చూస్తారు. కానీ ఇచ్చినవాళ్లు చట్టం ఒప్పుకున్న బంధువులైతే ఎంతిచ్చినా పన్ను లేదు. కన్నతండ్రి ఆ లిస్టులో ఉన్నారు. భార్య తండ్రీ ఉన్నారు. కాబట్టి మీ రెండు గిఫ్టులకీ పుచ్చుకున్నందుకు పన్ను సున్నా. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపన్ను చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి. పాత వీడియోల్లో చెప్పే నంబర్లు పట్టుకుని ఆడిటర్‌తో వాదించకండి. నియమం మాత్రం అదే.

అయితే చట్టంలో బంధువుల లిస్టు మన పెళ్లి పిలుపుల లిస్టు కాదు. పెదనాన్న కొడుకు మనకి సొంత అన్నతో సమానం, చట్టానికి పరాయివాడు. మేనమామ మీకు పది లక్షలిస్తే పన్ను లేదు, ఆయన మీ అమ్మకి తోబుట్టువు కాబట్టి. అదే పది లక్షలు మీరు మేనమామకి ఇస్తే ఆయనకి పన్ను పడుతుంది. ఆయన లిస్టులో అక్కచెల్లెళ్లున్నారు గానీ వాళ్ల పిల్లలు లేరు. మేనరికం చేసుకుని ఆయన కూతురినే పెళ్లాడి ఉంటే మళ్లీ పన్ను పోతుంది, అల్లుడి హోదాలో మీరు లోపలికి వచ్చేస్తారు! ఇది నేను చెబితే మా ఆడిటర్ చాలాసేపు నవ్వి, ఈ సెక్షన్ రాసినచోట మనవాళ్లెవరో కూర్చునుంటారన్నాడు.

ఇక మామగారి 25 లక్షలు. ఫ్లాట్ 90 లక్షలు కాబట్టి లోన్ 72 లక్షల వరకు రావచ్చు. 30 నుంచి 75 లక్షల మధ్య లోన్లకి ఇంటి విలువలో 80 శాతం మించకూడదని రిజర్వ్ బ్యాంక్ పరిమితి. 75 లక్షలు దాటిన లోన్ అయితే 75 శాతమే. అంటే మీ చేతి నుంచి 18 లక్షలు పడాలి. దాని మీద రిజిస్ట్రేషన్ ఖర్చు వేరే, అది లోన్ లెక్కలో కలవదు. ఈ రెండూ కలిపితే ఆ 25 లక్షలు దాదాపు సరిపోతాయి. మామగారు లెక్క వేసుకునే ఆ మాట అన్నట్టున్నారు.

ఆ డబ్బు మీ అకౌంట్‌లోకి రానివ్వకండి. మీ ఆవిడ అకౌంట్‌లోకి రావాలి. దీనికి నాకు రెండు కారణాలున్నాయి. ఒకటి లెక్క. మామగారు తన కూతురికి ఇచ్చిన డబ్బుతో ఆవిడ కొన్న వాటా మీద వచ్చే అద్దె ఆవిడ ఆదాయమే, ఆవిడ స్లాబులోనే పడుతుంది. అదే డబ్బు మీ దగ్గరికి వచ్చి, మీరు మీ ఆవిడకి ఇచ్చి, ఆవిడ పేరు మీద కొంటే ఆ అద్దె తిరిగి మీ ఆదాయంలో కలుపుతారు. భర్త భార్యకిచ్చినదానికి గిఫ్టు పన్ను ఉండదు గానీ దాని మీద వచ్చే ఆదాయం భర్తదే. అత్తమామలు కోడలికి ఇచ్చినా అంతే, ఆదాయం వాళ్లకే చుట్టుకుంటుంది. మా నాన్న నాకు బదులు కోడలి పేరు మీద రాస్తే ట్యాక్స్ తగ్గుతుందా అని బ్యాంకులో నన్ను చాలామంది అడిగేవారు. తగ్గదు.

రెండో కారణం లెక్క కాదు. ఆడపిల్ల తండ్రి ఇచ్చిన డబ్బు అల్లుడి పేరు మీద పేరుకుపోయే పద్ధతి నాకు నచ్చదు. పెళ్లికి ముడిపెట్టి అడిగితే అది 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కిందికి వస్తుంది. మీరు అడిగారని నేననడం లేదు. అడగకుండా ఇచ్చినా సరే, ఆవిడ పుట్టింటి సొమ్ము ఆవిడ పేరుతో కాగితం మీద కనపడాలి. సేల్ డీడ్ ఇద్దరి పేర్ల మీదా పెట్టి, ఎవరి వాటా ఎంత శాతమో అందులోనే రాయించండి. రాయకుండా వదిలేస్తే రేపు ఎవరెంత పెట్టారో బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందేసుకుని తేల్చుకోవాల్సి వస్తుంది.

కాగితం విషయంలో నేను చేసిన తప్పు చెబుతాను. 2009లో వేళచ్చేరిలో ఫ్లాట్ కొన్నప్పుడు మా మామగారు 6 లక్షలు ఇచ్చారు. నాలుగు లక్షలు చెక్కు, రెండు లక్షలు నగదు. ఆ నగదుని నేను నాలుగు విడతలుగా అకౌంట్‌లో వేశాను. రోజంతా వేరేవాళ్ల దగ్గర గిఫ్ట్ లెటర్ అడిగి పుచ్చుకునే మనిషిని, సొంత మామగారిని అడగడానికి మొహమాటపడ్డాను. నాలుగేళ్ల తర్వాత ఇన్‌కమ్ ట్యాక్స్ నోటీసు వచ్చింది, ఆ నగదు ఎక్కడిదో చెప్పమని. అప్పటికి మామగారు పోయి ఏడాది అయింది. గూడూరులో వాళ్ల పాత ట్రంకు పెట్టె తెరిచి, చెదలు పట్టిన పాస్‌బుక్కుల్లోంచి వడ్లు అమ్మిన డబ్బు జమ, ఆ వారంలోనే రెండు లక్షలు తీసిన ఎంట్రీ వెతికి పట్టుకునేసరికి ఎనిమిది నెలలు పట్టింది. పన్ను పడలేదు. కానీ అంతకాలం మా ఆవిడ, పోయిన మనిషి నిజాయితీని ఇప్పుడు రుజువు చేసుకోవాల్సి వచ్చిందే అని బాధపడుతూనే ఉంది.

ఇప్పుడైతే నగదు ఊసే ఎత్తకండి. 2017 ఏప్రిల్ నుంచి ఒకరి దగ్గర ఒకే రోజు రెండు లక్షలు, ఆపైన నగదు పుచ్చుకుంటే పుచ్చుకున్నంతా జరిమానా. బ్యాంకు ద్వారా పంపి, అదే రోజు తారీకుతో మామగారు ఒక పేజీ రాసివ్వాలి. ఇద్దరి పేర్లు, పాన్ నంబర్లు, బంధుత్వం, మొత్తం, ట్రాన్స్‌ఫర్ నంబరు, ప్రేమతో ఇస్తున్నాను, తిరిగి ఇవ్వనక్కర్లేదు అన్న వాక్యం, కింద సంతకం. డబ్బు గిఫ్టుకి రిజిస్ట్రేషన్ అవసరం లేదు. ఆ "తిరిగి ఇవ్వనక్కర్లేదు" అన్న మాట కోసమే లోన్ ఇచ్చే బ్యాంకు ఈ లెటర్ అడుగుతుంది. లేకపోతే అది చేబదులు, మీకు ఇంకో అప్పున్నట్టు లెక్క. మామగారి ఆర్నెల్ల స్టేట్‌మెంట్ కూడా ఇమ్మంటారు. అందులో ముందురోజే ఎక్కడి నుంచో 25 లక్షలు వచ్చి పడి ఉంటే దానికీ జవాబు చెప్పాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి ఇస్తుంటే ఆ రసీదు జత చేస్తే చాలు.

అమ్మ పేరు మీద కొనడం గురించి. ఇది చాలామందికి తెలియని చోటు. మీ డబ్బు పెట్టి భార్య పేరు మీదో, పిల్లల పేరు మీదో కొంటే, డబ్బుకి లెక్క ఉన్నంతవరకు బినామీ చట్టం పట్టించుకోదు. తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల విషయంలో ఆ మినహాయింపు దస్తావేజులో మీ పేరు కూడా ఉంటేనే వర్తిస్తుంది. మీ డబ్బుతో ఒక్క అమ్మ పేరు మీదే కొంటే, మీరెంత మాతృభక్తితో కొన్నా, అది బినామీ నిర్వచనంలోకి జారే ప్రమాదముంది. అమ్మ పేరు మీదే ఉండాలనుకుంటే ముందు డబ్బు ఆవిడకి గిఫ్టుగా ఇచ్చి, లెటర్ రాసి, ఆవిడ అకౌంట్ నుంచి బిల్డర్‌కి కట్టించండి. లోన్ తీసుకుంటున్నారు కాబట్టి మీ కేసులో ఎలాగూ మీ పేరు ఉండాల్సిందే.

సరే, అసలు విషయం ఇల్లు. మీరు దీన్ని ఒక్క పేరాలో, డబ్బుని నాలుగు పేరాల్లో అడిగారు. నాకైతే ఇది తిరగేసి ఉండాలనిపిస్తుంది.

ఖర్చు ముందు చెప్పేస్తాను. చెన్నైలో దీన్ని సెటిల్‌మెంట్ డీడ్ అంటారు, మన ఆంధ్ర వైపు దాన సెటిల్‌మెంట్ అన్నదే. తమిళనాడులో కుటుంబ సభ్యుల మధ్య అయితే స్టాంప్ డ్యూటీ 1 శాతం, గరిష్ఠంగా 40 వేలు. రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, గరిష్ఠంగా 10 వేలు. 2023 జూలైలో పెంచాక ఉన్న లెక్క ఇది. అంతకుముందు 25 వేలు, 4 వేలు ఉండేవి. గైడ్‌లైన్ వాల్యూ 80 లక్షలైనా, కోటిన్నరైనా ఈ రెండూ కలిపి 50 వేలు దాటవు. అదే అమ్మకంగా రాస్తే 7 శాతం, 2 శాతం కలిపి 9 శాతం. 80 లక్షలకి 7 లక్షల 20 వేలు. కర్ణాటకలో కుటుంబంలో గిఫ్టుకి శాతమే ఉండదు, వేలల్లో ఒక ఫిక్స్‌డ్ మొత్తం. ఈ తేడా చూసే జనం "అంత చౌక అయితే ఇప్పుడే రాయించేసుకుందాం" అంటారు. చౌక నిజమే. కానీ తిరుగు టికెట్ లేదు.

ఒకసారి రిజిస్టరై, మీరు స్వీకరించాక నాన్నగారు మనసు మార్చుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లి రద్దు చేస్తానంటే కుదరదు. అలా ఒంటిచేత్తో రాసిన రద్దు పత్రాలు రిజిస్టర్ చేయకూడదని మద్రాస్ హైకోర్టు ఫుల్ బెంచ్ 2022లో స్పష్టంగా చెప్పింది. మోసమో బలవంతమో జరిగిందంటే సివిల్ కోర్టుకి వెళ్లాలి. విల్లు అలా కాదు, రాసినాయన ఊపిరి ఉన్నంతవరకు రోజుకోసారి మార్చుకోవచ్చు. చెన్నైలో మనవాళ్లు విల్లు కంటే సెటిల్‌మెంట్‌నే ఎక్కువ నమ్మడానికి కారణం, ఇక్కడి ఆస్తుల విల్లుకి హైకోర్టులో ప్రొబేట్, అంటే విల్లు నిజమేనని కోర్టు ముద్ర, తప్పదని 2025 డిసెంబరు దాకా ఏళ్ల తరబడి ఉన్న నిబంధన. ఇప్పుడది తీసేశారు. ఆ విసుగు పిల్లలకి తప్పిద్దామని పెద్దవాళ్లు బతికుండగానే రాసిచ్చేసేవారు. మీ నాన్నగారి మనసులోనూ అదే ఉండొచ్చు.

మా అమ్మ రాసిచ్చినప్పటి సంగతి చెబుతాను. 2019. ఆవిడకి 78. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లు ఎక్కించి, కుర్చీలో కూర్చోబెట్టాం. జీవితమంతా గిన్నెలు తోమిన చెయ్యి, వేలిముద్ర మెషీన్ పట్టుకోలేదు. బొటనవేలు తడి గుడ్డతో తుడిచి, ఇంకోసారి, మళ్లీ తుడిచి, ఇంకోసారి. ఐదో సారికి పడింది. ఆఫీసరు నన్ను బయట నిలబడమని, ఆవిడని తమిళంలో అడిగాడు, మీ ఇష్టంతోనే ఇస్తున్నారా, ఎవరైనా బలవంతపెట్టారా అని. తలుపు దగ్గర నాకు వినపడుతూనే ఉంది. నా కొడుక్కి నేనిచ్చుకుంటున్నా, బలవంతం ఎవరు చేస్తారు అంది అమ్మ, కాస్త కోపంగా. అంతా అయి, బయట చెట్టు కింద ఆటో కోసం నిలబడ్డప్పుడు, పర్సులోంచి చిల్లర తీస్తూ తెలుగులో అడిగింది. "ఇంక ఆ ఇంట్లో నేను ఎవరి లెక్క కింద ఉంటాన్రా?"

నా దగ్గర జవాబు లేదు. ఆవిడ ఉండేది ఆ ఫ్లాట్‌లోనే, నేను ఖాళీ చేయమంటానా? అనను. కానీ డీడ్‌లో ఆ మాట లేదు. అవసరం లేదనుకున్నాను. డాక్యుమెంట్ రైటర్ అడిగితే కూడా, మా ఇంట్లో అలాంటివేం ఉండవండీ అన్నాను. నేను ఆవిడకంటే ముందు పోతే? ఆ ఫ్లాట్ నా భార్యాపిల్లలతోపాటు చట్టప్రకారం అమ్మకీ ఒక వాటాగా వస్తుంది గానీ, తను మొత్తం ఇచ్చిన ఇంట్లో వాటాదారుగా కూర్చోవాలి. ఆర్నెల్లయ్యాక ఆవిడ బతికున్నంతకాలం అందులో ఉండే హక్కు ఆవిడదేనని నేను ఇంకో పత్రం రాసి రిజిస్టర్ చేయించాను. మొదటి డీడ్‌లో ఒక్క పేరా రాయించి ఉంటే అయిపోయేదానికి మళ్లీ డ్యూటీ, మళ్లీ ఫీజు, మళ్లీ ఆ మెట్లు.

ఆ పేరాయే మీకు కావాల్సింది. ఇల్లు మీకు ఇస్తున్నాను, కానీ నేనూ నా భార్యా ఇద్దరం బతికున్నంతకాలం అందులో నివసించే హక్కు, కింది పోర్షన్ అద్దె పుచ్చుకునే హక్కు మావే, ఇద్దరిలో ఎవరు మిగిలితే వాళ్లదే. ఇలా ఉంచుకుంటే గిఫ్టు చెల్లదేమోనని కొంతమంది డాక్యుమెంట్ రైటర్లే భయపెడతారు. అందులో నిజం లేదు. సుప్రీంకోర్టు 2014లో రేణికుంట్ల రాజమ్మ కేసులో తేల్చింది. మన తెలుగువాళ్ల కేసే. ఇచ్చినావిడ జీవితాంతం ఇల్లు తన స్వాధీనంలో ఉంచుకుని, అద్దె తనే తీసుకుంటానని రాసుకున్నా, డీడ్ రిజిస్టరై, ఇద్దరు సాక్షులు సంతకం చేసి, పుచ్చుకున్నవాళ్లు స్వీకరించి ఉంటే గిఫ్టు గిఫ్టేనంది. ఇంకో తలనొప్పీ తీరుతుంది, ఆ అద్దె వాళ్ల చేతికే వెళుతుంది కాబట్టి వాళ్ల ఆదాయంగానే చూపించుకోవచ్చు.

దీంతోపాటు మా తల్లిదండ్రులని చూసుకుంటాను అన్న షరతు కూడా రాయించండి. మీరు చూసుకోరని కాదు. 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం, సెక్షన్ 23 ప్రకారం, చూసుకుంటారన్న షరతుతో ఇచ్చిన ఆస్తి, చూసుకోకపోతే ట్రిబ్యునల్ రద్దు చేయొచ్చు. ఇక్కడ ఆర్డీఓ దగ్గరే అది జరుగుతుంది. షరతు డీడ్‌లో లేకపోతే ఎలా అన్నదాని మీద కోర్టులు అటూ ఇటూ ఊగాయి. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు షరతు ఉండాల్సిందేనంది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో అదే కోర్టు, ఈ చట్టాన్ని పెద్దవాళ్ల పక్షాన ఉదారంగా చదవాలంది. ఈ ఊగిసలాట మీ అమ్మానాన్నలకెందుకు? ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది. కొడుకే అడిగి రాయించాడంటే ఆ ఇంట్లో టెన్షనే ఉండదు.

అమ్మగారిని ఇంకోసారి గుర్తుచేస్తాను. నాన్నగారు ఏ కాగితం రాయకుండా పోతే ఆ ఇల్లు అమ్మగారికి, మీకు, చెల్లెలికి తలా మూడో వంతు. సెటిల్‌మెంట్ చేస్తే అమ్మగారి మూడో వంతు ఆ రోజే పోయినట్టు. ఆవిడ వద్దనరు, మన ఇళ్లల్లో ఎవరంటారు. అందుకే ఆవిడ పేరు ఆ పేరాలో కచ్చితంగా ఉండాలంటున్నాను.

చెల్లెలి సంగతి నాన్నగారి 1994 దస్తావేజు మీద ఆధారపడి ఉంటుంది. ఆ ఇల్లు ఆయన జీతంతోనో, లోన్‌తోనో కొని ఉంటే అది స్వార్జితం, ఎవరికైనా ఇచ్చుకోవచ్చు, చెల్లెలు అడ్డు చెప్పలేదు. ఊళ్లో తాతగారి పొలం అమ్మిన డబ్బుతో కొన్నారంటే కథ వేరు. ఉమ్మడి ఆస్తి డబ్బుతో కొన్నదని రేపు చెల్లెలో, ఆమె పిల్లలో అంటే కోర్టు వింటుంది. కూతుళ్లకి కొడుకులతో సమాన హక్కు ఆంధ్రలో 1985 నుంచే ఉంది, తమిళనాడులో 1989 నుంచి, దేశమంతటికీ 2005లో వచ్చింది. ఉమ్మడి ఆస్తిని ప్రేమాభిమానాలతో ఒకరికే రాసివ్వడం కుటుంబ పెద్ద చేతిలో ఉండదని 2022లో సుప్రీంకోర్టు ఒక కర్ణాటక కేసులో చెప్పింది కూడా. పెళ్లిలో పసుపు కుంకుమ కింద ఏదో ఇచ్చేశాం, ఆమె లెక్క తీరిపోయిందని పెద్దవాళ్లు అనుకుంటారు. కాగితం లేని పసుపు కుంకుమ రేపు ఎవరికీ గుర్తుండదు.

ఇలాంటప్పుడు చెల్లెలితో సాక్షి సంతకం పెట్టించేస్తే చాలనుకుంటారు. చాలదు. సాక్షి సంతకమంటే నాన్నగారు తన ఎదుట సంతకం చేశారని చెప్పడమే, నాకు వాటా వద్దని ఒప్పుకోవడం కాదు. నిజంగా వదులుకుంటుంటే విడుదల పత్రం రాయాలి, లేదా ఆమెకి ఇవ్వాల్సింది ఇచ్చి కుటుంబమంతా ఒప్పందం రాసుకోవాలి. ఫోన్ చేసి ముందు ఆమెనే అడగండి. ఎన్‌ఆర్‌ఐ అయినా ఇంట్లో సగం ఆమె పేరు మీద గిఫ్టుగా రాయడానికి విదేశీ మారక చట్టం ఫెమా అడ్డు కాదు, వ్యవసాయ భూమి అయితేనే ఇబ్బంది. డబ్బు రూపంలో అమెరికాకి పంపేటట్టయితే ఏడాదికి 10 లక్షలు దాటినదాని మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ పేరుతో ముందుగానే పన్ను పట్టుకుంటుంది, నాన్నగారి రిటర్న్‌లో అది సర్దుకుంటుంది. బయటి దేశం నుంచి ఏడాదిలో లక్ష డాలర్లు దాటి గిఫ్టు వస్తే ఆమె అక్కడి పన్ను శాఖకి ఫారం 3520 వేయాలి. పన్నేమీ ఉండదు గానీ వేయడం మరిచిపోతే జరిమానా గట్టిగా ఉంటుంది.

ఇన్వెస్ట్‌మెంట్ దృష్టితో అడిగారు కాబట్టి అమ్మకం లెక్క. గిఫ్టుగా వచ్చిన ఇంటికి మీ కొన్న ధర సున్నా కాదు, సెటిల్‌మెంట్ రోజు గైడ్‌లైన్ వాల్యూ కూడా కాదు. నాన్నగారి ధరే మీ ధర, ఆయన కొన్న తేదీ నుంచే మీరు ఉంచుకున్నట్టు. 2001కి ముందు కొన్నది కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి విలువ తీసుకోవచ్చు, అప్పటి గైడ్‌లైన్ వాల్యూ మించకుండా. ఉదాహరణకి అది 9 లక్షలు అనుకోండి, మీరు కోటీ 60 లక్షలకి అమ్మారనుకోండి. లాభం కోటీ 51 లక్షలు, 12.5 శాతం చొప్పున సుమారు 18 లక్షల 88 వేలు, సెస్, సర్‌ఛార్జి అదనం. కొన్న ధరని ద్రవ్యోల్బణం మేరకు పెంచే 2025-26 ఇండెక్స్ 376 పెట్టి పాత 20 శాతం పద్ధతిలో వేసినా 25 లక్షల పైనే తేలుతుంది. అంటే నాన్నగారి దగ్గరున్న లాభం గిఫ్టుతో మాయం కాదు, మీ నెత్తికి మారుతుందంతే. రెండేళ్లలో అమ్మే ఆలోచనే ఉంటే రాయించుకోకండి, నాన్నగారే అమ్మి, ఇంకో ఇల్లు కొని మినహాయింపు తీసుకుని, మిగిలింది డబ్బుగా ఇవ్వనివ్వండి. తొందరపడి అమ్మడమే నాకు నచ్చదు. మాధవరం నుంచి సిప్‌కాట్ దాకా వేస్తున్న మెట్రో మూడో కారిడార్ పెరంబూరు మీదుగానే వెళ్లి షోలింగనల్లూరు ఉన్న ఓఎంఆర్‌ రోడ్డులో దిగుతోంది. మీ నాన్నగారి ఇల్లూ, మీరు చూసిన ఫ్లాటూ ఒకే లైను మీదున్నాయి.

బిల్డర్ ఇస్తానన్న రెండు బంగారు నాణేలు, మాడ్యులర్ కిచెన్ గురించి చివర్లో అడిగారు. తమిళుల ఆడి మాసం ఆఫర్‌లో ఇచ్చేది గిఫ్టు కాదండీ, మీ 90 లక్షల్లోంచి తీసి మీకే చూపించడం. నాణేలు వద్దు, ఆ మేరకు అగ్రిమెంట్ ధర తగ్గించమనండి. తగ్గిస్తే మీ లోన్ కూడా కాస్త తగ్గుతుంది, రిజిస్ట్రేషనూ తగ్గొచ్చు. తగ్గించననేవాడు నాణెం కూడా తేలికదే ఇస్తాడు.

సెటిల్‌మెంట్ అయ్యాక పట్టా, కార్పొరేషన్ పన్ను, మెట్రో వాటర్, కరెంటు కనెక్షన్ పేర్లు మార్చుకోండి. గిఫ్టు మీరు స్వీకరించారనడానికి అవే సాక్ష్యం, అదీ నాన్నగారు ఉండగానే జరగాలి. నాన్నగారికి మెట్లెక్కడం కష్టమైతే సబ్ రిజిస్ట్రార్‌ని ఇంటికి రమ్మని అడగవచ్చు, దానికి వేరే ఫీజుంది. ఆ వారంలో డాక్టర్ దగ్గర, మనిషి స్పృహతో, తెలివిగా ఉన్నారని ఒక సర్టిఫికెట్ తీసుకుని ఫైల్లో పెట్టుకోండి. మామగారి డబ్బుకి ఇవేవీ అక్కర్లేదు, ఈ వారమే తీసుకోవచ్చు. ఇంటికి మాత్రం తొందర లేదు.

ముందు ఒక పని చేయండి. ఇక్కడి జనం తాయ్ పత్రం అంటారే, ఆ 1994 నాటి అసలు దస్తావేజు, బీరువాలోంచి తీయించండి. మొదటి రెండు పేజీల్లో నాన్నగారు సొమ్ము ఎలా చెల్లించారో ఏదైనా రాసుందేమో చూడండి. ఆయన్ని కూడా అడగండి, ఆ ఏడాది పొలమేదైనా అమ్మారా అని. దస్తావేజు ఫోటో ఇక్కడ పెట్టకండి, అందులో అందరి వివరాలూ ఉంటాయి. ఆ ఒక్క వాక్యం, నాన్నగారు చెప్పిన జవాబు టైప్ చేసి పెట్టండి. చెల్లెలికి విడుదల పత్రం అవసరమా కాదా అన్నది అది చూశాక చెబుతాను.